‘భయ్యా’ అను మాట కొట్టివేయడమైనది

"భయ్యా, ఈ రెండు ఫ్లాపీలూ జల్దీ ప్రింట్ తీసెయ్యండి."

భిలాయిలో కొట్టు పెట్టిన ప్రతివాడూ భయ్యాయే. కూరగాయలమ్మేవాడూ భయ్యాయే, పంక్చర్లేసేవాడూ భయ్యాయే. తెలుసు. అయినా ఆ అమ్మాయి అనేసరికి నాకు ఒళ్ళు మండింది. సెక్టర్ 7 మార్కెట్లో కంప్యూటర్ సెంటర్ పెట్టాక, నల్లకోటు వేసుకుని, వానలో తడిసి, అంతంత కళ్ళతో నా కొట్టుకి ఎవరూ రాలేదు. తీరా వచ్చిన పిల్ల భయ్యా అంటుందా!

"తెలుగువాళ్ళేనా? నా పేరు శ్యామసుందర్," అన్నాను, ఆ మాట మానేస్తుందని.

"కుముదిని. మాది చరోదా. దుర్గ్ కోర్టులో జూనియర్ని. జల్దీ, భయ్యా."

వాళ్ళ మేనత్త అప్పలకొండ చరోదాలో టిఫిన్ హోటల్ నడుపుతోందట. ఆ షాపుకి కుముదిని లీజు కాగితం రాసి పంపితే, ఓనరు తరఫు వకీలు చూసి తిప్పి పంపాడు. ఒక ఫ్లాపీ ఈమెది, రెండోది ఆయనది. సాయంత్రమే సంతకాలు.

"రెండూ ఒకటేనా?"

"ఒకటే. అత్త పేరు స్పెల్లింగ్ దిద్దారంట, అంతే. నేను చదివాను కదా!"

నా చెయ్యి ఊరుకోదు. రెండు కాగితాల్ని పోల్చి చూపించే ఏర్పాటు వర్డ్‌లో ఉంది. నొక్కాను. స్క్రీన్ నిండా ఎర్ర గీతలు.

"ఇదేటిది?"

"తేడాలు. కొట్టేసినవి మీ మాటలు, కింద గీత ఉన్నవి వాళ్ళవి."

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని? వకీలుని నేనా, మీ డబ్బానా?"

"డబ్బా అనకండి!"

"చూడండి, అన్నీ అత్త పేరే. అప్పలకొండ అని నేను రాస్తే, ఆ వకీలు దగ్గరి హిందీ టైపిస్టు అప్పల్ వేరు, కొండ వేరు చేసాడు. అప్పల్ అంటే పేరంట, కొండ ఇంటిపేరంట! దీనికింత రంగేటి?"

"మనిషి పేరే విరగ్గొట్టినవాడు మిగతాది సవ్యంగా ఉంచాడని మీకెవరు చెప్పారు?"

ఉక్రోషంతో పేజీలు కిందకి జరుపుతూ పోయాను. ఆఖరి పేజీలో చెయ్యి ఆగింది. ‘గడువు తీరాక అద్దెదారు కోరితే లీజు కొనసాగాలి’ అని ఆమె ఇంగ్లీషులో రాసింది. అందులో అద్దెదారుని కొట్టేసి, ఓనరుని కూర్చోబెట్టారు.

కుముదిని చదివింది. మళ్ళీ చదివింది.

"అంటే గడువు తీరగానే అత్తని రోడ్డు మీద నిలబెడతారన్నమాట! ఆ వకీలు నవ్వుతూ ఇచ్చాడండీ ఫ్లాపీ. ‘సిర్ఫ్ స్పెల్లింగ్ హై, బేటీ’ అన్నాడు. బేటీ అంట, బేటీ! సిగ్గులేదూ?"

"అన్నిచోట్లా పేరే మారి ఉంటే కన్ను ఇంకేం చూస్తుంది? మీ తప్పు కాదు."

"నా తప్పే. వాడి సంగతి చెప్తాను."

ఆ పేజీ ప్రింట్ తీయగానే లాక్కుని వానలోకే వెళ్ళిపోయింది. థాంక్స్ కూడా చెప్పలేదు. ఆ వకీలు మీద కోపం, ఈ పిల్ల మీద కోపం, ఏది ఎక్కువో తేల్చుకోలేక ఆ పూటంతా కస్టమర్ల మీద అరిచాను.

మర్నాడు పొద్దున్నే మూడో ఫ్లాపీతో వచ్చింది.

"కోర్టు బార్ రూములో వకీళ్ళందరి ముందూ చదివి వినిపించాను. ఆయన తల ఎత్తితే ఒట్టు! అన్నీ మార్పించాను. మొదట నేను రాసినదాంతో మళ్ళీ పోల్చండి."

పోల్చాను. ఒక్కచోటే ఎరుపు. సాక్షి అన్న చోట నేను లేను మొదట, ఇప్పుడున్నాను. శ్యామసుందర్.

"అడక్కుండా నా పేరెలా పెడతారు?"

"మీరు అడిగి పోల్చారేటి?"

నవ్వింది. ఏం లాభం, సాయంత్రం హోటల్లో ఓనరూ అప్పలకొండమ్మా సంతకాలు పెట్టాక, పెన్ను నా చేతికిచ్చి, "ఇక్కడ పెట్టండి, భయ్యా," అంది.

పెన్ను బల్ల మీద పడేశాను. "పెట్టను."

అప్పలకొండమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అదేటి బాబూ! కాగితంలో ఇంకేటైనా మోసముందేటి?"

"కాగితంలో లేదండీ. మీ మేనకోడలి నోట్లో ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ భయ్యా, భయ్యా! ఈ ఊళ్ళో ఎవరన్నా పడతాను. ఈవిడంటే పడను."

హోటలంతా మా వైపే చూసింది. అప్పలకొండమ్మ నన్నూ చూసింది, కుముదినినీ చూసింది. తర్వాత అట్లకాడ ఎత్తింది, మేనకోడలి మీదకి.

"బంగారంలాంటి కుర్రోడిని అట్టుకుని అన్నంతావేటే? బుద్దుందా నీకు?"

కుముదిని చెవుల దాకా ఎర్రబడింది. స్క్రీన్ మీద కూడా అంత ఎరుపు నేను చూడలేదు.

"సరే. ఆ మాట కొట్టేస్తున్నాను," అంది, నేలచూపులు చూస్తూ.

"దాని చోట ఏం రాస్తారు?"

"శ్యామ్."

సంతకం పెట్టేశాను. ఆమె వైపే చూస్తూ పెట్టానేమో, పేరు వంకరపోయింది. నా పాత సంతకంతో పోల్చి చూస్తే, ఇది ఆ మనిషిది కాదనే అంటారు.