పక్కకు వేసిన ఉత్తరాలు

పొద్దున్నే అమ్మ ముందుగా నాన్న ఫోను ఛార్జింగుకు పెట్టి, ఆ తరువాతే పొయ్యి వెలిగించింది. ఆయన పోయి నాలుగు నెలలైనా ఆ అలవాటు తప్పలేదు.

పెద్దమ్మాయి భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. ఆఫీసులో మెయిల్ సర్వరు చూసే పని ఆమెది. పాత సర్వరును ఈ వారం మూసేస్తున్నారు. ఏ ఉత్తరం ఎటు పోవాలో చెప్పే నియమాలన్నీ కొత్తదానిలోకి మార్చాలి.

"కాస్త తిని కూర్చోవే. ఆ పెట్టె ఎక్కడికీ పారిపోదు."

"ఒక్క నిమిషమమ్మా."

"ఆయనకూ ఇదే మాట చెప్పావు." అమ్మ గిన్నె ఠంగున పెట్టింది. "ఊరందరి ఉత్తరాలూ చేరవేస్తావు. కన్నతండ్రికి ఒక్క జవాబు రాయడానికి చేతులు రాలేదా?"

"నాన్న రాసిందెప్పుడు? అన్నీ ఫార్వర్డులేగా! గోరువెచ్చని నీళ్ళ మహిమ, మోకాళ్ళ నొప్పికి చిట్కా..."

"నా పక్కనే కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశారే. ఫోనులో అడగండి అంటే, 'దానికి పనుందిలే' అనేవారు."

రెండేళ్ళ కిందట తన ఉత్తరాల కోసం ఆమె రాసుకున్న నియమం తెరమీదే ఉంది. నాన్న నుంచి ఫార్వర్డు వస్తే 'తరువాత' అనే ఫోల్డరులో వెయ్యాలి, చదివినట్టు గుర్తు పెట్టాలి.

ఫోల్డరు తెరిచింది. మొదటి ఉత్తరంలో పైన గోరువెచ్చని నీళ్ళే. ఎన్నడూ చూడని దాని అడుగుభాగానికి వెళ్ళింది.

'అమ్మడూ, ఎలా ఉన్నావు?'

ఇంకొకటి తెరిచింది. మరొకటి. అన్నిటి కిందా ఆయన మాటలే.

కొత్త ఉత్తరం ఎలా మొదలుపెట్టాలని ఆయన అడిగిన రోజు ఆమె హడావుడిలో ఉంది. "ఏదో పాతది తీసి, ఫార్వర్డ్ నొక్కి, కింద రాసెయ్యండి నాన్నా," అంది. గడియారాలు బాగుచేసే మనిషి. చెప్పింది చెప్పినట్టే చేశారు.

"నేనే నేర్పానమ్మా," అంది. "నేనే ఆపేశాను."

అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"పైకి చదవవే."

నలభై ఒక్కటీ చదివింది. చివరిది చిన్నది. 'చిన్నప్పుడు నువ్వు ఊడదీసిన గడియారం ఇవాళ నడిచింది. జవాబు అక్కర్లేదు తల్లీ. చదివితే చాలు.'

దాని పక్కన కూడా, మిగతావాటి పక్కన లాగే, చదివినట్టు గుర్తు ఉంది.

కన్నీళ్ళలో అక్షరాలు కనిపించకపోయినా ఆమె టైపు చేసింది. 'నాన్నా, ఇవాళ చదివాను.' పంపింది.

గోడ దగ్గర ఛార్జింగులో ఉన్న నాన్న ఫోను టింగుమంది. అమ్మ లేచి, చేయి తుడుచుకుని దాన్ని తీసింది. కూతురి తల తన పొట్టకు హత్తుకుంది.

"అందిందే," అంది.