పిక్క పట్టే మలుపు

చీకటి పడ్డాక ఉప్పు గోడౌను వెనక మెట్లు ఎవరూ ఎక్కరు. మేస్త్రీ ఎన్ని బూతులు తిట్టినా ఎక్కరు. బస్తాని గోడకి ఆనించి, తువ్వాలు దులుపుకుని, దిక్కులు చూస్తారు. కారణం అడిగితే గొంతు తగ్గించి ఒకటే మాట చెబుతారు—

"మలుపు దగ్గర... పట్టుకుంటుంది."

ఏం పట్టుకుంటుందయ్యా అంటే, వంగి, మోకాలి కింద వెనకవైపు చేత్తో చూపిస్తారు. పిక్క.

కింద నేలంతా చెమ్మ. ఉప్పు కరిగిపోతుందని బస్తాలన్నీ పైఅంతస్తుకే చేరుస్తారు. మోసే మనిషి కరిగిపోయినా ఫరవాలేదు. మెట్లు సగం దాకా వెళ్లి వెనక్కి తిరుగుతాయి. ఆ తిరిగే చోట కిటికీ లేదు. బల్బు ఎప్పుడో కాలిపోయింది. బస్తా వీపున వేసుకుని, తల వంచుకుని, మనిషి సరిగ్గా అక్కడికి వచ్చి మడమ ఎత్తుతాడు... అంతే. వెనకనుంచి ఎవరో పిక్కని పిడికిట్లో పట్టి పిండేస్తారు. బస్తా ఒకవైపు, మనిషి ఒకవైపు.

ఆ పట్టేది ఎవరో కూడా అందరికీ తెలుసు.

స్తంభం.

బతికున్నన్నాళ్లూ అతను ఆ గోడౌన్లోనే మోత కూలీ. కుడి భుజం మీద కండ బస్తా అంచుకి తగ్గట్టు గట్టిపడి దిమ్మలా లేచి ఉండేది. ఎంత బరువు పెట్టినా తొణికేవాడు కాదు, అందుకని స్తంభం. ఒక రాత్రి తోటివాళ్లంతా వెళ్లిపోయాక, మిగిలిపోయిన బస్తాల్ని మేస్త్రీ అతని ఒక్కడి చేతే ఎక్కించాడు. తెల్లారి చూస్తే మలుపు దగ్గర తలకి దెబ్బ తగిలి పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

చూసినవాళ్లు వెనక్కి జంకింది అందుకు కాదు. అతని చెయ్యి... తన కాలి బొటనవేలినే పట్టుకుని ఉంది. నలుగురు కలిసి లాగినా వేళ్లు విడిపడలేదు. ఆఖరికి భార్య వచ్చి ఒక్కో వేలూ నిమిరింది, బతిమాలింది, పక్కన కూలబడి ఏడ్చింది. అయినా విడిపడలేదు.

"తాగి పడ్డాడు," అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు మంచినీళ్లు కూడా తాగని మనిషి గురించి అన్న మాట అది. పెరట్లో ఉన్న ఒక్క కొళాయికీ తాళం వేసి, తాళంచెవి మొలకి కట్టుకుని తిరుగుతాడు మేస్త్రీ. నీళ్లు తాగితే ఉచ్చకి పోతారట, ఉచ్చకి పోతే పని ఆగుతుందట. మోసేవాడి గొంతుకి తాళం, మోయించేవాడి బల్ల మీద చల్లటి కూజా. ఈ లోకం ఇలాగే నడుస్తోంది, దీన్నే క్రమశిక్షణ అంటున్నారు.

స్తంభానికి ఒక్కతే కూతురు. ఫిజియోథెరపీ చదువుతోంది. మోత కూలీలందరికీ ఆ పిల్ల ముద్దు. సెలవుల్లో వచ్చి వాళ్ల భుజాలూ నడుములూ నొక్కి చూస్తుంది. "నరం పట్టేసిందమ్మా," అని వాళ్లంటే, "నరం కాదు బాబాయ్, కండరం," అని ఆమె దిద్దుతుంది. వాళ్లు మళ్లీ నరమే అంటారు. దాంతో ఆమెకి నరాలమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది.

నాన్న పోయాక వచ్చిన సెలవుల్లో ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మం దాటడం మానేసి ఉంది.

ఏమైందంటే చెప్పదు. పక్కింటావిడ చెప్పింది. పెళ్లై ఏడాది తిరగని కూలీ ఒకడు మలుపు దగ్గర పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. అతని భార్య వీధిలో నిలబడి అమ్మ మీద కేకలేసిందట. "నా మొగుడు అన్నా అన్నా అని వెనకాల తిరిగాడే! వాడి కాలే పట్టుకున్నాడా నీ మొగుడు? ఇంకా ఎంతమందిని పడేస్తాడో అడుగు!"

రాత్రి దీపం ఆర్పాక అమ్మ నెమ్మదిగా అంది.

"బతికుండగా మేస్త్రీ కాళ్లు కూడా పట్టుకోలేదే మీ నాన్న. చచ్చాక తోటివాళ్ల కాళ్లు పట్టుకుంటాడా?"

"అమ్మా... దెయ్యాలేంటి, నువ్వు కూడా?"

"ఆ చెయ్యి చూశావుగా. దేన్నో వదలకుండా పోయాడు. నేను విప్పలేకపోయాను." "నువ్వొకసారి వెళ్లి చెప్పు తల్లీ. వాళ్లని వదిలెయ్యమను. నీ మాట వింటాడు."

కూతురికి నిద్ర పట్టలేదు.

ఆ చెయ్యి ఎందుకు విడిపడలేదో ఆమెకి తెలుసు. తరగతిలో మేడమ్ నల్లబల్ల మీద కండరం లోపలి పోగుల్ని గీసింది. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరినట్టు, సన్నవీ లావువీ రెండు రకాల పోగులు. కండరం బిగిసినప్పుడు ఒకటి రెండోదాన్ని పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. "పట్టుకోడానికే శక్తి కావాలనుకుంటారు అందరూ," అంది మేడమ్. "వదలడానికీ కావాలి. ప్రాణం పోయాక ఆ శక్తి పుట్టదు. అందుకే శవం బిగుసుకుంటుంది." తోటిపిల్లలు రాసుకున్నారు. ఆమె మాత్రం కలం పక్కన పెట్టి, డెస్కు కింద తన వేళ్లని ముడుస్తూ విప్పుతూ కూర్చుంది.

నాన్న దేన్నీ వదలనని పంతం పట్టలేదు. వదిలే ఓపిక లేకుండా పోయింది, అంతే.

బొటనవేలే ఎందుకో కూడా తెలుసు. పిక్క పట్టేస్తే కాలివేళ్లని పైకి వంచాలి. కండరానికి లాగడమే వచ్చు, నెట్టడం రాదు. ముడుచుకున్నది తనంతట తాను సాగలేదు, ఎదురుగా ఇంకొకటి లాగాలి. చెమటంతా పోయి, నీళ్లు లేక, అలిసిపోయిన పిక్క మన మాట వినడం మానేస్తుంది. నాన్నకి ఆ రాత్రి పిక్క పట్టింది. పడ్డాడు. వేలు వంచుకోబోయాడు. వంచిపెట్టడానికి పక్కన ఇంకో మనిషి లేడు. ఊపిరి ఉన్నంతసేపూ అలాగే పట్టుకుని ఉన్నాడు... ఎంతసేపో.

చిన్నప్పుడు ఆమెకి నిద్రలో పిక్కలు పట్టేవి. కెవ్వుమని లేచేది. నాన్న చీకట్లోనే వచ్చి, అరికాలు కింద అరచెయ్యి పెట్టి, బొటనవేలిని మెల్లగా పైకి వంచేవాడు. ఉప్పుకి పగిలి గరుకు కాగితంలా ఉండేది ఆ చెయ్యి. పక్కన పడుకున్న అమ్మకి కూడా మెలకువ రానంత చిన్నగా, పిక్కతోనే మాట్లాడేవాడు. ఆ మాట ఆమెకీ ఆయనకీ తప్ప ఇంకెవరికీ తెలీదు.

మర్నాడు సాయంత్రం ఆమె గోడౌనుకి వెళ్లింది.

"నరాలమ్మొచ్చింది, నడుములు వరసలో పెట్టండ్రా!" అన్నాడు మీసాలాయన. ఆయన మీసం బస్తాకంటే ముందు మెట్లెక్కుతుందని అక్కడొక సామెతలాంటి వేళాకోళం. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఈ రాత్రి నేనూ మీతో మోస్తాను. మీలాగే, నీళ్లు తాగకుండా. మలుపు దగ్గర పట్టేది మా నాన్నో, నా పిక్కో తేల్చుకుంటాను."

నవ్వులు ఆగిపోయాయి.

నాన్నకి రోజూ బస్తా ఎత్తిపెట్టిన ముసలి కూలీని ఆమె పెదనాన్నా అంటుంది. ఆయన దగ్గరికొచ్చాడు. "వద్దమ్మా. నీకు తెలీదు. అక్కడ... పట్టడం ఒకటే కాదు..."

"మరి?"

ఆయన మిగతావాళ్ల వైపు చూశాడు. మీసాలాయన తల దించుకున్నాడు.

"ఏం లేదులే," అన్నాడు పెదనాన్న.

మేస్త్రీ గదిలోంచే చూసి పళ్లికిలించాడు. "మోయనీరా! ఉత్తినే వచ్చిన కూలీని ఎవడైనా వద్దంటాడా?"

ఆమెకి చిన్న మూటలు కట్టి ఇచ్చారు. ఎక్కింది, దిగింది. మళ్లీ ఎక్కింది. ఆమె ముందు నడుస్తుంటే సిగ్గుపడి మిగతావాళ్లూ కదిలారు. జాకెట్టు తడిసి వీపుకి అంటుకుంది. పెదాల మీద ఉప్పు. లోపలిదో బయటిదో తెలీని ఉప్పు. నాలుక అట్టముక్కలా అయిపోయింది. కాళ్లల్లో సన్నగా ఏదో అదరడం మొదలైంది.

ఎంతసేపు గడిచిందో. పనివాళ్లు ఒక్కొక్కరే కింద చతికిలబడుతున్నారు. ఆమె ఒక్కతే మూట ఎత్తుకుని మళ్లీ ఎక్కింది.

మలుపు.

చీకటి చిక్కగా ఉంది. గోడ తడిమింది. మడమ ఎత్తింది—

పట్టింది.

చదివిన ముక్కలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. అది కండరంలా లేదు. అచ్చం చెయ్యే. ఐదు వేళ్లు, ఎముక దాకా. మూట జారి దొర్లుకుంటూ పోయింది. ఆమె వెల్లకిలా పడింది. వేలు అందుకుందామని వంగింది... అందలేదు. ఇంకాస్త వంగింది. అందలేదు. నాన్నకి అందింది, తనకి అందడం లేదు— అన్న ఆలోచన రాగానే కన్నీళ్లు ధారగా వచ్చేశాయి.

"నాన్నా..."

అప్పుడు బొటనవేలు కదిలింది.

తను కదపలేదు. అరికాలు కింద ఏదో గరుగ్గా ఆనింది. మెల్లగా, తొందర లేకుండా, వేళ్లని పైకి వంచింది. పిక్కలో ముడి సడలింది. ఒక్కో పోగూ ఒక్కో పోగునీ వదులుతున్నట్టు... సడలింది.

పెదనాన్న లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆమె కాలు పైమెట్టు అంచుకి ఆని ఉంది. గరుకు సిమెంటు, దాని మీద రాలిన ఉప్పు.

ఆమె ఆ మెట్టు వంక చూసింది. అదే అయి ఉంటుంది. జారినప్పుడు పాదం అంచుకి తగిలి వేళ్లు వంగి ఉంటాయి.

కింద కూర్చోబెట్టి గాలి విసిరారు. పెదనాన్న ఎక్కడో దాచుకున్న సీసాలోంచి గుక్కెడు నీళ్లు తాగించాడు. ఆమె ఊపిరి పీల్చుకుని అందరివైపూ చూసింది.

"దెయ్యం లేదు. పట్టింది నా పిక్కే. నీళ్లు లేక పట్టింది. మీ అందరికీ అంతే." కాస్త ఆగింది. "కానీ ఒకటి చెప్పండి. ఎవరికి పట్టిందో చెప్పారు, ఎలా పడ్డారో చెప్పారు. ఎలా వదిలిందో ఎవరూ చెప్పలేదేం?"

దూరంగా మేస్త్రీ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

చివరికి పెదనాన్న గొణిగాడు. "బొటనవేలు... ఎవరో పైకి వంచారమ్మా."

"నాకూ," అన్నారు ఇంకెవరో వెనకనుంచి.

"మీకో, బాబాయ్?"

మీసాలాయన తల ఎత్తలేదు. "నాకు మాట కూడా వినపడింది. చెబితే వీళ్లు నవ్వి చంపుతారని చెప్పలేదు. ఇంత మీసం ఉన్నవాణ్ణి... నన్ను పట్టుకుని తల్లీ అంది ఆ గొంతు."

ఎవరూ నవ్వలేదు.

"ఏమంది?" అని ఆమె ముందుకి వంగింది.

"వదులు తల్లీ... వదులు... అని."

చిన్నప్పుడు చీకట్లో, తన పిక్కతో నాన్న చెప్పిన మాట. ఆమెకీ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియని మాట.

ఆ రాత్రే కొళాయి తాళం పగిలింది. ఎవరు పగలగొట్టారని మేస్త్రీ గంతులేస్తే, అందరూ ఒకే గొంతుతో చెప్పారు. "స్తంభమే అయ్యా. ఈసారి తాళాన్ని పట్టుకున్నాడు." కొత్త తాళం వేసే ధైర్యం మేస్త్రీకి రాలేదు. పోరాటమంటే జెండాలతోనే మొదలవ్వాలని లేదు. ఒక్కోసారి గుక్కెడు నీళ్లతోనూ మొదలవుతుంది.

ఇప్పుడు కడుపునిండా నీళ్లు తాగి ఎక్కుతున్నారు. పిక్కలు పట్టడం బాగా తగ్గింది. దాంతో ఆ చెయ్యి కూడా ఎవరికీ తగలడం లేదట. ఆ మాట చెప్పేటప్పుడు మీసాలాయన మొహంలో దిగులే కనిపిస్తుంది.

తాళం పగిలిన రాత్రి, తెల్లవారుజామున కూతురు ఇంటికొచ్చి అమ్మకి జరిగిందంతా చెప్పింది. అమ్మ కూతురి పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, అరికాలు మీద అంటుకున్న ఉప్పుని వేలితో నెమ్మదిగా తుడిచింది.

"అయితే... ఆ చెయ్యి విచ్చుకుందన్నమాట," అంది.

ప్రాణం పోయాక బిగుసుకున్న కండరాలు ఒకటి రెండు రోజులకి వాటంతట అవే సడలిపోతాయి. ఎవరూ విప్పనక్కర్లేదు. పుస్తకంలో ఉంది.

కూతురు ఆ మాట చెప్పలేదు.

"విచ్చుకుందమ్మా," అంది.