దారిచ్చే జాగా

"బ్రేక్!"

మాట పూర్తికాకముందే మర్డో తన వైపున్న బ్రేకు తొక్కేశాడు. కారు కీచుమని ఆగింది. మూరెడు దూరంలో చేపల వ్యాను. అందులోని డ్రైవరు మాత్రం నవ్వుతూ చెయ్యి ఊపాడు. మా లూయిస్ దీవిలో అంతే, చావు తప్పి కన్ను లొట్టపోయినా ముందు పలకరింపే.

"ఎటు చూస్తున్నారండీ మీరు?" అన్నాడు మర్డో.

"పెగ్గీ అత్త గుమ్మంలో నిలబడింది, చెయ్యి ఊపాను. ఊపకపోతే, గ్లాస్గోలో చదివొచ్చి కళ్ళు నెత్తికెక్కాయి అనరూ?" అంది ఎఫీ.

"ఊపారు, బాగుంది. ఆ సందడిలో దారిచ్చే జాగా దాటేశారు."

మా రోడ్లు ఒక్క బండికే సరిపోతాయి. అక్కడక్కడ కాస్త వెడల్పు చేసిన జాగా ఉంటుంది. ఎదురుగా బండి వస్తే అందులో ఆగి దారివ్వాలి. పసిపిల్లలక్కూడా తెలిసిన సంగతే.

అలా డ్రైవింగ్ పరీక్షలో ఎఫీ ఫెయిలయింది. దీవి మొత్తానికి పరీక్షాధికారి మర్డో ఒక్కడే.

పడమటి పల్లెలకు మంత్రసాని నర్సు ఉద్యోగం ఆమె కోసమే ఎదురుచూస్తోంది. నెలాఖరు శుక్రవారంలోగా లైసెన్స్ చూపించాలి. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది, ఎఫీ పడవెక్కి మళ్ళీ గ్లాస్గో పోవాలి. పుట్టిన ఊళ్ళో పిల్లల్ని పుట్టించాలన్న ఆమె కోరిక అక్కడితో సరి.

ఆదివారం చర్చిలో ప్రసంగం మొదలవగానే, ఎప్పటిలాగే, పిప్పరమెంట్ల పొట్లం బెంచీ వెంట చేతులు మారుతూ వచ్చింది. ఎఫీ ఒకటి నోట్లో వేసుకుని, పక్కనున్న మర్డోను దాటించి అవతలి ముసలాయనకి అందించింది. మర్డో నోరు తడారిపోయి ప్రసంగమంతా దగ్గుతూనే ఉన్నాడు.

బయటికి రాగానే చినుకులు. ఎఫీ వదల్లేదు.

"దేవుడి ముందు పక్కనే కూర్చుంటారు. రోడ్డు మీద మాత్రం జాలీ దయా ఉండవా?"

"ఆదివారం పొరుగువాణ్ణి ప్రేమించమని విని, సోమవారం వాడి మీదికి మిమ్మల్ని తోలమంటారా?"

ఎఫీకి నవ్వొచ్చింది. ఛ, ఇప్పుడా రావడం! పళ్ళు బిగబట్టి ఆపుకుంది.

"ఒరేయ్ మర్డో, నా రక్తపోటు చూసేటప్పుడు ఇదీ అంతేరా!" అంది వెనకనుంచి పెగ్గీ అత్త. "కాస్త తగ్గించి చెప్పవే, మాంసం తింటానంటే, యంత్రం ఎంత చూపిస్తే అంతే అంటుంది. దొందూ దొందే!"

మర్డో ఎఫీ వైపు చూశాడు. ఎఫీ వానవైపు చూసింది.

ఆ తర్వాత బుధవారాల్లో, చర్చిలో కీర్తనల సాధన అయ్యాక, అత్తనీ ఎఫీనీ మర్డోయే ఇంటి దగ్గర దింపేవాడు. వానలో ఆడవాళ్ళని నడిపించడం ఏ నియమంలోనూ లేదన్నాడు. ఒకసారి అత్త వెనక సీట్లో కునుకు తీస్తుండగా ఎఫీ మెల్లగా అంది.

"కాన్పుకి చెయ్యి వేసేముందు నేను మనసులో ప్రార్థన చేసుకుంటాను. ఎవరికీ వినబడదు."

"నేనూ అంతే. పరీక్ష మొదలుపెట్టేముందు."

"ఏమని?"

"ఈ మనిషికి నామీద కోపమొచ్చినా సరే, నా చేత నిజమే చెప్పించమని."

"నా విషయంలో మీ ప్రార్థన బ్రహ్మాండంగా ఫలించిందిలెండి!"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు దగ్గరే వచ్చింది చిక్కంతా.

రెండో పరీక్ష గురువారం పెట్టారు. కానీ పరీక్ష తీసుకునేది మర్డో కాదట. ఇన్వర్నెస్ నుంచి మిస్ గెడ్డెస్ అనే ఆవిడ పడవలో వస్తోందట. ఎఫీ మనసు చివుక్కుమంది. ఇంత స్నేహం చేసి, మళ్ళీ ఫెయిల్ చెయ్యడానికి మొహం చెల్లక తప్పుకున్నాడనుకుంది.

గురువారం తుఫాను. పడవ రాలేదు. ఎఫీ తడిసి ముద్దయి మర్డో ఆఫీసులో ప్రత్యక్షమైంది.

"రేపే ఆఖరు. రేపు కూడా పడవ వస్తుందో రాదో! పరీక్ష మీరే తీసుకోండి."

"తీసుకోకూడదు."

"ఎందుకని? దీవిలో మీకు తెలియనివాళ్ళెవరు? తెలిసినవాళ్ళు వద్దంటే ఇక గొర్రెలకే పెట్టాలి పరీక్ష!"

"తెలిసినవాళ్ళకి పెట్టొచ్చు, ఎఫీ." మర్డో చెవులు ఎర్రబడ్డాయి. "మీరు తప్పు చేసినా నా కళ్ళకి కనబడదేమోనని భయం. కొన్ని బుధవారాలుగా ఆ భయం పెరుగుతూనే ఉంది."

కిటికీ అద్దం మీద వాన ధడధడ కొడుతోంది. ఎఫీ తడి జుట్టు వెనక్కి తోసుకుంది.

"ఈ మాట లైసెన్స్ వచ్చాక చెబితే మీ సొమ్మేం పోయేది?"

"దాచిపెట్టి పక్కన కూర్చుంటే అబద్ధమాడినట్టే కదా. మీ ఉద్యోగం పోతుందేమోనని రాత్రి నిద్రపట్టలేదు. అయినా చెయ్యలేను."

ఎఫీకి కోపం వచ్చింది, ఏడుపొచ్చింది. అత్త రక్తపోటు కూడా గుర్తొచ్చింది. అంకె మార్చమని అత్త ఎంత బతిమాలినా తను మార్చిందా?

"నా జవాబు ఇప్పుడు చెప్పను," అంది తలుపు దగ్గర. "లంచం ఇచ్చినట్టుంటుంది."

శుక్రవారం పొద్దున గాలి తగ్గి పడవ వచ్చింది. మిస్ గెడ్డెస్ కడుపులో తిప్పుతుంటే పాలిపోయిన మొహంతో దిగింది. "నెమ్మదిగా నడపండమ్మా, మీకు పుణ్యముంటుంది," అని మాత్రం అంది. దారిలో పెగ్గీ అత్త రెండు చేతులూ ఊపింది. ఎఫీ చూడనే లేదు. పాసయింది. మధ్యాహ్నానికి ఉద్యోగమూ ఖాయమైంది. సాయంత్రం మర్డో తలుపు తట్టి అభినందించాడు. జవాబు అడగలేదు. ఎఫీ చెప్పలేదు.

ఆదివారం చర్చికి ఎఫీయే బండి నడిపింది. పక్కన మర్డో, వెనక అత్త. గుమ్మాల్లోంచి అందరూ చెయ్యి ఊపుతున్నారు. ఎఫీ చేతులు స్టీరింగ్ వదల్లేదు. ఆమె బదులు మర్డోయే అందరికీ ఊపుతున్నాడు.

"ఏమే, జన్మంతా నీ బదులు వీడే ఊపాలా?" అంది అత్త.

"ఆగు అత్తా, ఎదురుగా వ్యాను."

ఎఫీ అద్దంలో చూసుకుని దారిచ్చే జాగాలోకి తిప్పి ఆపింది. హ్యాండ్ బ్రేకు వేసింది. చేపల వ్యాను పలకరిస్తూ వెళ్ళిపోయింది. అప్పుడు స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి, జేబులోంచి పిప్పరమెంట్ తీసి మర్డో అరచేతిలో పెట్టి, గుప్పిట మూసి, అలాగే పట్టుకుంది.

"ఇదీ నా జవాబు," అంది. "బండి ఆగే ఉంది. తప్పేమైనా ఉంటే చెప్పు."

"నాకేం కనబడట్లేదు," అన్నాడు మర్డో.