ముట్టుకోవద్దన్న కీబోర్డు

“సార్, మీరు నా కీబోర్డు ముట్టుకోవద్దు.”

తాళాల షాపాయన కూతురు క్లాసంతా వినేలా అంది. అప్పటికే వంగి వేళ్లు చాచిన ల్యాబ్ అసిస్టెంటు అలాగే కొయ్యబారిపోయాడు. పాపం, అతని తప్పేముంది? నెల రోజులుగా ఆ అమ్మాయి “సార్” అనడమే ఆలస్యం, ఎక్కడున్నా వచ్చి వాలేవాడు.

ప్రోగ్రాం ఏమంత పెద్దది కాదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొడితే ‘రండి’ అనాలి, తప్పు కొడితే ‘కుదరదు’ అనాలి. కానీ కొత్తవాళ్ల చేతిలో అది ఊరికే ‘రండి’ అంటుందా? ఇఫ్ లైను చివర కోలన్ మరిచిపోతారు, తెరిచిన కోట్స్ మూయరు, బ్రాకెట్‌ను గాల్లో వదిలేస్తారు. తప్పుందని తెర మీద ఎర్రక్షరాలు రాగానే మనవాడు టకటకా సరిచేసేసి, ఆ అమ్మాయి నవ్వొకటి పుచ్చుకుని మురిసిపోయేవాడు.

అదే కొంప ముంచింది. ఆదివారం ఇంట్లో సొంతంగా రాయబోతే అన్నీ ఎర్రక్షరాలే, తప్పెక్కడుందో ఆమెకు ఒక్కటీ దొరకలేదట. వారంలో పరీక్ష. గట్టెక్కితే ఊళ్లోనే ఉన్న డిజిటల్ తాళాల కంపెనీలో ఉద్యోగం. లేదంటే పక్క ఊరికి పోయి మేనత్త షాపులో కూర్చోవాలని నాన్న తేల్చేశాడు.

“మీరు సాయం చేస్తున్నారనుకున్నాను. నన్ను చేతకానిదాన్ని చేస్తున్నారు,” అందామె.

అతనికి తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి చేతులు రెండూ జేబుల్లో కుక్కుకుని నిలబడ్డాడు. ఎర్రక్షరాలు ఏ లైను చూపిస్తున్నాయో అడిగేవాడు. అక్కడ తప్పు కనబడకపోతే దాని పై లైను చూడమనేవాడు. అంతకుమించి నోరు మెదిపితే ఒట్టు. ఆమె వెతుకుతున్నంతసేపూ ఇతని ప్రాణం విలవిల్లాడేది. మూయని బ్రాకెట్‌ను తనంతట తనే పట్టుకున్న రోజు ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. అతనికి ఎంత సంతోషమేసిందో అంత దిగులూ వేసింది. ఇక పిలవదుగా.

పరీక్ష రోజు ఒకటే వాన. కంపెనీ నుంచి వచ్చినాయన తప్పులతో నిండిన ప్రోగ్రాం ఇచ్చి, సరిచేసి నడిపించమన్నాడు. ఆఖరి తప్పు దగ్గర ఆమె ఆగిపోయి, తలెత్తి అతనివైపు చూసింది. తప్పెక్కడుందో అతనికి కనిపిస్తూనే ఉంది. కనుసైగ చేస్తే చాలు, ఆమె ఈ ఊళ్లోనే ఉండిపోతుంది. అతను గుండె రాయి చేసుకుని కిటికీవైపు తిరిగిపోయాడు.

కాసేపటికి వెనక కీబోర్డు చప్పుడు. తర్వాత కంపెనీ ఆయన గొంతు. బాగుందమ్మా, నడుస్తోంది అంటున్నాడు.

వరండాలో నిలబడ్డ అతని దగ్గరికి వచ్చి ఉద్యోగం ఖాయమైందని చెప్పిన ఆమెకు, అతని మొహం చూడగానే నవ్వొచ్చింది.

“ఏంటి సార్, నేను ఫెయిలైనట్టు చూస్తున్నారు?”

“ఇక నా అవసరం లేదుగా మీకు.”

“లేదు,” అందామె తడుముకోకుండా. అతని మొహం ఇంకాస్త వాడిపోయేదాకా ఆగింది. “సైగ చేస్తారేమోనని భయపడ్డాను. మీరు అటు తిరిగారు చూడండి, నేను చెయ్యగలనని నమ్మారని అప్పుడే ధైర్యమొచ్చింది. ఇన్నాళ్లూ మీ సాయమంటే ఇష్టమో, మీరంటే ఇష్టమో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు సాయం అక్కర్లేదు. అయినా మీరు కావాలనిపిస్తోంది.”

అతను జేబుల్లోంచి చేతులు రెండూ బయటికి తీశాడు.

“మీ నాన్నగారు షాపులో ఉన్నారా?”

“ఉన్నారు. వాన తగ్గనివ్వండి.”

“అంతసేపు నేను ఆగలేను,” అని అతను మెట్లు దిగేశాడు. ఆమె గొడుగైనా విప్పకుండా వెనకే పరుగెత్తింది.