రైలు పాటలో పై స్వరం

బుధవారం ఉదయం ఎనిమిదింబావుకి గాయని వచ్చేసరికి ఆఫీసు తలుపు ఇంకా సగమే తెరిచి ఉంది. కుర్చీలు బల్లల మీదే ఉన్నాయి. అసిస్టెంటు ఒక కుర్చీ దించి ఆమెకు వేశాడు, తాను కూర్చోవడం మరిచిపోయాడు. ఆమె పాటల ఆల్బంలు పదకొండూ అతని ఇంట్లో ఉన్నాయి. ఒకప్పుడు కోర్టులో టైపు చేసేవాడు కాబట్టి అందరూ అతన్ని టైపిస్టు అనే పిలుస్తారు. అతని యజమానురాలు పాతికేళ్లు లెక్కలు చెప్పి, తర్వాత ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టింది. ఆమెను అందరూ టీచర్‌గారు అంటారు.

గాయని మెడకు శాలువా చుట్టుకుని ఉంది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"నా నీళ్లలో ఏదో కలిపారండీ. ఎవరో బయటివాళ్లు కాదు. మా చెల్లెలే."

మిగతాది ఆమె చెప్పగా టైపిస్టు రాసుకున్నాడు. పంతొమ్మిదో ఏట పాడిన పాటతో ఆమె పేరు బయటికొచ్చింది. జనం దాన్ని రైలు పాట అంటారు. ఇరవై నాలుగేళ్లుగా ప్రతి కచేరీ దానితోనే ముగుస్తుంది. ఈ శనివారం ఇరవై వేల మంది ముందు, నలభై మంది వాద్యబృందంతో పాడాలి. మంగళవారం రిహార్సల్లో అదే పాట చివర పై స్వరం దగ్గర గొంతు చీలింది. అంతకు నిమిషం ముందు చెల్లెలు ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్లు పోసిచ్చింది. ఆ సాయంత్రమే చెల్లెలి పెట్టెలు గేటు బయట పెట్టించింది. గురువారం సాయంత్రం ఐదు గంటలకు విలేకరులను పిలిచింది, సంగతి వాళ్లకు చెప్పడానికి.

"మీ చెల్లెలికి మీ మీద కోపమేమిటి?" అని టీచర్‌గారు అడిగింది.

"తనూ పాడేది. నేనే ముందు పైకొచ్చాను. అంతకంటే ఏం కావాలి?"

"గొంతు చీలాక రిహార్సల్ ఆపేశారా?"

"లేదు. పంతానికి మరో మూడు పాటలు పాడాను. అవి బాగానే వచ్చాయి."

టీచర్‌గారు ఆ మాట కింద గీత గీయమని టైపిస్టుకు సైగ చేసింది. గురువారం ఐదింటి దాకా ఎవరితోనూ ఏమీ అనవద్దని గాయని దగ్గర మాట తీసుకుంది.

ఫ్లాస్కులో మిగిలిన నీళ్లు పరీక్షకు పంపారు. చెల్లెలు ఒక స్నేహితురాలి ఇంట్లో దొరికింది. పెట్టెలు ఇంకా విప్పలేదు. ఇరవై ఏళ్లుగా అక్క వెంట ఉండి వెనక గొంతు కలుపుతున్న మనిషి. అక్క బట్టలు, మందులు, ప్రయాణాలు అన్నీ ఆమే చూస్తుంది. ఆరేళ్ల కిందట అక్క గొంతుకు జబ్బుచేసి ఐదు వారాలు మాట్లాడకుండా ఉన్నప్పుడు, పలక మీద రాసిచ్చినవి చదివి పనులు నడిపింది కూడా ఆమే. నీళ్ల గురించి అడిగితే కిటికీ వైపు చూస్తూ ఒక్కటే చెప్పింది.

"అక్క ఏమనుకుంటే అదే రాసుకోండి."

"నిందపడ్డవాళ్లు ఇలా మాట్లాడరమ్మా," అంది టీచర్‌గారు.

చెల్లెలు లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకుంది. మెట్లు దిగుతూ, ఆమె కచ్చితంగా ఏదో దాస్తోందని టైపిస్టు అన్నాడు. దాస్తోంది గానీ తన గురించి కాదని టీచర్‌గారు అంది.

రిహార్సల్ హాలు పాత గిడ్డంగి. గోడలకు దుప్పట్లు కొట్టి ఉన్నాయి. వాద్యకారులు ముగ్గురే: కీబోర్డు వాయించే మాస్టారు, బేస్ గిటారిస్టు, డ్రమ్మరు. రైలు పాటకు బాణీ కట్టింది మాస్టారే. ఇప్పుడు అరవై ఏడేళ్లు. మంగళవారం ఏమైందని అడిగితే గొంతు అన్నాక ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుందని చెప్పి, కళ్లద్దాలు తుడుచుకోవడంలో పడ్డాడు. డ్రమ్మరు మాత్రం ధారాళంగా మాట్లాడాడు.

"స్వరాల గొడవ నన్నడక్కండి మేడమ్. నాకు కొట్టడమే తెలుసు. ఇంట్లో మా ఆవిడకు తిట్టడమే తెలిసినట్టు."

రిహార్సల్ మొత్తం అతను ఫోనులో వీడియో తీస్తాడు. పోయిన నెలదీ, మంగళవారానిదీ రెండూ ఇచ్చాడు.

స్టాండు మీద బేస్ గిటార్లు రెండున్నాయి, నల్లదీ ఎర్రదీ. రెండెందుకని టీచర్‌గారు అడిగింది. తీగ తెగితే ఇబ్బంది లేకుండా అని గిటారిస్టు చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో టైపిస్టు కారు నడుపుతూ రైలు పాట రికార్డు పెట్టాడు. తనూ అందుకున్నాడు. చివరి పై స్వరం దగ్గర ఆగిపోయాడు.

"ఆగారేం?"

"ఇది నాకు అందదండీ. చిత్రమేమిటంటే, కచేరీలో ఆమెతో కలిసి పాడితే అందుతుంది. పోయినేడు జనంలో నిలబడి మొత్తం పాడాను. ఉత్సాహం అనుకుంటా."

టీచర్‌గారు పాట కట్టేయమంది. ఇంటికి చేరేదాకా మాట్లాడలేదు. ఆమె మాట్లాడలేదంటే లెక్క తేలుతోందని టైపిస్టుకు తెలుసు.

గురువారం మూడింటికి అందరినీ హాలుకు పిలిపించింది. గాయని ఒక చివర, చెల్లెలు మరో చివర కూర్చున్నారు. టీచర్‌గారు బోర్డు ముందు నిలబడినట్టే నిలబడింది.

ఫ్లాస్కులో ఉన్నవి ఉత్త నీళ్లేనని పరీక్షలో తేలిందని ముందు చెప్పింది. అది రాకముందే తనకు అనుమానం పోయిందని, ఒక పాటను పాడుచేసి తర్వాతి మూడింటిని వదిలేసే మందు ఎక్కడా ఉండదని అంది. కాబట్టి తేడా గొంతులో కాదు, ఆ పాటలోనే ఉండాలి.

ఆమె రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టింది. పోయిన నెల రైలు పాట మొదలయ్యే ముందు గిటారిస్టు నల్ల గిటారు దించి ఎర్రది తీసుకున్నాడు. తీగ తెగలేదు. పాట అయ్యాక మళ్లీ నల్లది అందుకున్నాడు. మంగళవారం మాత్రం ఎర్రది స్టాండు మీది నుంచి కదల్లేదు.

"ఎర్రదాని తీగలు వదులుగా ఉంటాయి, అందుకే దాని శృతి కిందికి ఉంటుంది. నాకు సంగీతం రాదు, అందుకని నిన్న ఒకరిని అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడిది వినండి."

రికార్డులోని చివరి చరణం వినిపించింది. వెంటనే పోయిన నెల వీడియోలోని అదే చరణం వినిపించింది. రెండోది కింది శృతిలో ఉంది. కచేరీలో ఆ పై స్వరం తనకెలా అందిందో టైపిస్టుకు అప్పుడు అర్థమైంది. గాయని లేచి నిలబడింది.

"మళ్లీ పెట్టండి."

మళ్లీ పెట్టారు.

"మీ రికార్డులు మీరు ఎప్పుడూ వినరు కదూ?" అని టీచర్‌గారు మెల్లగా అడిగింది.

"వినను. తప్పులే వినపడతాయి."

మాస్టారు కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు.

"శృతి రెండు మెట్లు తగ్గించానమ్మా. జబ్బు చేసి లేచాక ఒకటి, మూడేళ్లకు ఇంకొకటి. నా కీబోర్డులో మీట నొక్కితే చాలు. వీడికి రెండో గిటారు కావాలి. నీకు తెలియకూడదని అనుకున్నాం."

"మరి మంగళవారం?"

"శనివారం నలభై మంది వస్తున్నారు. వాళ్ల స్వరాల కాగితాలు పాత రికార్డు శృతిలోనే రాయించావు. తగ్గిద్దామన్నాను. నా పాట శృతి నాకు తెలియదా అని నవ్వావు. నోటితో చెప్పలేకపోయాను, ఆరేళ్ల అబద్ధం కదా. ఇరవై వేల మంది ముందు కంటే మా నలుగురి ముందు చీలితే నయమనుకుని అసలు శృతిలో వాయించాను. నెపం నీళ్ల మీదికి పోతుందనుకోలేదు. పోయాకైనా చెప్పాల్సింది. భయపడ్డాను."

ఆరేళ్ల కిందట శృతి దించమని మాస్టారును అడిగింది ఎవరో టీచర్‌గారు చెప్పలేదు. చెల్లెలి వైపు చూసి ఊరుకుంది. మంగళవారం మొదటి చరణంలోనే చెల్లెలికి సంగతి తెలిసి ఉండాలని మాత్రం అంది. వెనక గొంతు కలిపే మనిషికి అది తెలియకుండా ఉండదు.

గాయని హాలు దాటి వెళ్లి చెల్లెలి ముందు నిలబడింది.

"గేటు దగ్గర నిన్ను అన్ని మాటలన్నానే. అప్పుడైనా చెప్పొచ్చుగా."

"చెబితే శనివారం పాడేదానివి కాదక్కా. ఇంకెప్పుడూ పాడేదానివి కాదు."

"అందుకని దొంగలా వెళ్లిపోతావా?"

"మళ్లీ పిలుస్తావులే అనుకున్నా."

గాయని శాలువా విప్పి కుర్చీ మీద వేసింది. ముఖం తుడుచుకుంది.

"శృతి దించండి మాస్టారూ. ఈసారి నాకు చెప్పి దించండి."

ఆయన మీట రెండుసార్లు నొక్కి, ప్రతిసారీ పైకి చెప్పాడు. గిటారిస్టు ఎర్ర గిటారు తీసుకున్నాడు. ఆమె చివరి చరణం పాడింది, చెల్లెలు వెనక కలిసింది. పై స్వరం వచ్చింది. టైపిస్టు తానూ అందుకోబోయి ఆగి, తల దించుకుని విన్నాడు.

నలభై మంది కాగితాలూ తిరగరాయాలని మాస్టారు అన్నాడు. ఒక్కడికైతే అది వారం పని. గాయని బల్ల లాక్కుని చెల్లెలికి పక్కన చోటు చూపించింది.

"నీ రాత ఇంకా కోడి గెలికినట్టే ఉంటుందా?"

"నీ కంటే నయమే."

ఐదు కావస్తోంది. విలేకరులు బయట ఉన్నారని, వాళ్లకు ఏం చెప్పమంటారని టైపిస్టు అడిగాడు.

"శనివారం రైలు పాట రెండు మెట్లు కిందికి పాడుతున్నానని చెప్పండి," అంది గాయని, కాగితం మీంచి తలెత్తకుండా. "ఎందుకని అడిగితే నలభై మూడేళ్లొచ్చాయని చెప్పండి."