అమ్మ వంక పెట్టని రోజు

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది అమ్మ నోరు. పాలగిన్నె మీద మూత వంకర, ఆరేసిన తువ్వాలు వంకర, నాన్న కూర్చున్న తీరు మరీ వంకర.

"నిన్న కూతురి ఆఫీసులో మాత్రం నోట్లోంచి తేనె కారిందట!" పేపరు చాటునుంచి అన్నాడు నాన్న. "చాలా బాగుంది, ఎంత సులువో అన్నావట. ఇన్నేళ్లలో నాకా ముక్క దక్కిందా?"

"అంత చక్కగా మీరేదైనా చేస్తే అననా?" కూతురి వైపు మురిపెంగా చూసింది అమ్మ.

ఆసుపత్రికొచ్చే రోగులు తామే అపాయింట్‌మెంట్ తీసుకునే స్క్రీన్ కూతురే తయారుచేసింది. బయటికి వదిలేముందు కొత్తవాళ్లను కూర్చోబెట్టి, మనసులో అనుకున్నది పైకి అంటూ చేయమని, సాయం చేయకుండా గమనించడం వాళ్ల పద్ధతి. నిన్న రావలసినావిడ రాకపోతే అమ్మను కూర్చోబెట్టారు. అద్దం అవతల ఆఫీసంతా చూస్తుండగా అమ్మ పొగుడుతూనే పని కానిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కూతురు కంచం పక్కకు జరిపింది. "అమ్మా, నిన్న నీ పేరున రెండు అపాయింట్‌మెంట్లు పడ్డాయి."

అమ్మ ముఖం పాలిపోయింది. "నొక్కితే ఉలుకూ పలుకూ లేదే! పడలేదేమోనని మళ్లీ నొక్కాను."

"ఆ మాట అక్కడే అనాలిగా!"

"ఎలా అంటానే? నలుగురి ముందూ నా బిడ్డ చేసింది బాగాలేదని నా నోటితో నేనే అంటానా? నా వేళ్లదే తప్పనుకున్నా."

"నీ వేళ్లది కాదు, నాది. నీ పొగడ్త నమ్మి సోమవారం దీన్ని బయటికి వదిలేస్తున్నారు. ఒళ్లు కాలిపోతూ వచ్చినవాడు ఇలాగే రెండుసార్లు నొక్కి, తెలియకుండా ఇంకో రోగి వంతు తినేస్తాడు. నన్ను కాపాడావు సరే, వాళ్లనెవరు కాపాడతారమ్మా?"

అమ్మ కుర్చీ లాక్కుంది. "తే ఆ ల్యాప్‌టాప్."

ఈసారి దయాదాక్షిణ్యాల్లేవు. "ఈ బటన్ ఈ మూల ఎవరు పెట్టారు, దొంగలా నక్కి ఉంది! ఇవి అక్షరాలా, చీమలా? నొక్కాక 'అయింది' అని ఒక్క ముక్క చెబితే దీని సొమ్మేం పోయింది?"

సాయం చేయకుండా రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది కూతురు. ఒక్కో మాటకూ ఆమె ముఖం విప్పారుతుంటే, దెబ్బలు తింటూ నవ్వుతుందేమిటా అని నాన్న వింతగా చూశాడు.

అమ్మ ఆగగానే కూతురు తన పై అధికారికి ఫోన్ చేసింది. "మేడమ్, సోమవారం వదలొద్దు. నేను చేసినదాంట్లో తప్పుంది. నిన్నటి పొగడ్తలు లెక్కలోకి తీసుకోకండి, అవి తల్లి మాటలు. అమ్మను కూర్చోనివ్వడమూ నా పొరపాటే. సరిదిద్ది, నన్నెరగని మనిషిని కూర్చోబెడదాం." అవతల గొంతు గట్టిగా లేచింది. కూతురు తల దించలేదు. "తెలుసు మేడమ్, ఆలస్యమవుతుంది. ఆ మాట నేనే వచ్చి అందరి ముందూ చెప్తాను."

అమ్మ కళ్లలో నీళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

"అది నా కూతురండీ," అంది, ఆయనకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు.