ఎరుపు మాయమైన సోమవారం

నీహారిక ఆఫీసులో చేరిన నాలుగో రోజే నిఖిలేష్ రాసిన ఫైలొకటి తీసి అవతల పారేసింది.

చిన్నాచితకా ఫైలు కాదు, పన్నెండు వేల లైన్లది. వాహెద్ భాయ్ పెళ్లిబట్టల దుకాణం వెబ్‌సైట్‌లో ఏ అక్షరం ఏ రంగులో ఉండాలి, ఏ బటన్ ఎంత వెడల్పుండాలి, ఏ ఫోటో పక్కన ఎంత ఖాళీ వదలాలి అన్నదంతా అందులోనే ఉంది. మూడేళ్లుగా నిఖిలేష్ దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు.

"ఏందండీ గిది? నా స్టైల్స్ ఫైల్ ఏడ పోయింది?"

"తీసేశానండీ," అంది నీహారిక, తలైనా ఎత్తకుండా.

"తీసేసినరా? మూడేండ్లు కూసొని రాసిన గది!"

"అందుకే అంత లావైంది."

నిఖిలేష్‌కి ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఫరీహా దగ్గరికి వెళ్లాడు. అఫ్జల్‌గంజ్‌లో స్టీలు సామాన్ల దుకాణం మీద, రెండో అంతస్తులో నడిచే ఆ ముగ్గురి కంపెనీకి ఓనరు ఆవిడే. నిఖిలేష్ ఆమెను అక్కా అన్నట్టు ఆపా అంటాడు. ఆమె మాత్రం అతన్ని ఏ వేళ ఏమనబుద్ధయితే అది అంటుంది.

"లొల్లి బంద్ చేయ్ నిఖిల్," అందామె. "వాహెద్ భాయ్ ఏమన్నడో యాదుందా? ఆయన ఫోన్‌ల మన పేజీ తెరుచుకునేలోపు చాయ్ తాగుడు అయిపోతున్నదట. ఆ బరువు దించడానికే ఈ పిల్లను తెచ్చిన. మూడు నెలల ట్రయల్. సైట్ తేలికైతే ఉంటది, కాకపోతే పోతది. అప్పటిదాంక నువ్వు ఊకో."

నిఖిలేష్ ఊరుకున్నాడు. మూతి మాత్రం ఊరుకోలేదు.

ఆ మూతిని మధ్యాహ్నం దాకా భరించి, నీహారికే కుర్చీ జరుపుకుని వచ్చింది. వాళ్లది అమలాపురం వైపు. నాన్నగారి ఉద్యోగం మూలంగా మలక్‌పేటలో స్థిరపడ్డారు. పదేళ్లయినా మాటలో గోదావరి పోలేదు.

"మీ ఇంట్లో పోపుల డబ్బా ఉందాండీ?"

"ఉంటది. ఎందుకు?"

"ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే. ఎన్నుంటయ్?"

"మరి మీరేం చేశారో తెలుసా? కూర కూరకీ ఒక పోపుల డబ్బా కొన్నారు. వంకాయకొకటి, బెండకాయకొకటి. ఎరుపు రంగని మీ ఫైల్లో మూడొందల నలభైసార్లు రాశారు, నేను లెక్కపెట్టాను. ఈ కొత్త లైబ్రరీలో, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌లో, ఎరుపుకి క్లాస్ అనే ఒక చిన్న గుర్తు ఉంటుంది, మధ్యలో ఖాళీకి ఇంకొకటి. ఒక్కో క్లాస్‌కి ఒక్కటే పని. బటన్ కోడ్ రాసే చోటే దాని స్టైలూ రాస్తాం. ఎరుపు ఇదివరకే ఉంటే లైబ్రరీ దాన్నే మళ్లీ వాడుకుంటుంది, కొత్తది పుట్టించదు. లైబ్రరీ కూడా ఇంతే ఉంటుంది," అంటూ చిటికెన వేలి గోరు చూపించింది.

నిఖిలేష్ ఆ గోరే చూస్తూ ఉండిపోయాడు. లైబ్రరీ గురించి అర్థమైందో లేదో చెప్పలేం.

"అర్థమైందా?"

"అయింది... మళ్లొకసారి చెప్పండి."

అలా మళ్లొకసారి, మళ్లొకసారి అంటూ రెండున్నర నెలలు గడిచాయి. పన్నెండు వేల లైన్లు నాలుగు వందలకు వచ్చాయి. నిఖిలేష్ సాయంత్రం కిందకి దిగి రెండు చాయ్‌లు చెప్పడం అలవాటు చేసుకున్నాడు. తన జల్‌పల్లి బస్సు వచ్చినా ఎక్కకుండా, మలక్‌పేట బస్సు వచ్చేదాకా ఆమె పక్కనే నిలబడడం కూడా అలవాటైంది. ఇంత జరిగినా నోరు విప్పి ఒక్క మాట అనలేదు. కొత్త పద్ధతిలో ఒక్క లైనూ రాయలేదు. రెండింటికీ భయమే కారణం.

ఇక మిగిలింది సోమవారం. ఆ రోజు వాహెద్ భాయ్ స్వయంగా వచ్చి, తన పాత ఫోన్‌లో చూసి సరేనంటే నీహారిక ఉద్యోగం ఖాయం.

శనివారం సాయంత్రం మూసీ మీద మబ్బు కమ్మింది. వాన పడకముందే వెళ్లమని నిఖిలేష్ నీహారికను ఐదింటికే బస్సెక్కించాడు. పైకి వచ్చేసరికి వాహెద్ భాయ్ ఫోన్.

"నిఖిల్ మియా, ఒక ఖడా దుపట్టా పెళ్లి జోడ మీద 'స్టాక్ లేదు' అని రాసున్నది. మాల్ వచ్చేసింది భాయ్. తీసెయ్, గిరాకీ పోతున్నది."

నీహారికకు ఫోన్ చేయాలనుకున్నాడు. బయట వాన మొదలైంది. పాపం బస్సులో ఉంటుంది, ఈ మాత్రం పని మనం చేయలేమా అనుకున్నాడు. ఆ పేజీ తెరిచి చూస్తే, 'స్టాక్ లేదు' అన్న చీటీకి కె3 అనే క్లాస్ తగిలించి ఉంది. కె3 కనపడకూడదని ఒక్క లైను రాశాడు. చీటీ మాయమైంది. ఆమె పనిలో ఓ పిసరు తగ్గించానన్న సంబరంతో, మిగతా పేజీలు తెరిచి చూడకుండానే ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

సోమవారం పదకొండింటికి వాహెద్ భాయ్ ఆయాసపడుతూ రెండంతస్తులూ ఎక్కి వచ్చాడు.

"సలాం తర్వాత చెప్త. ముందు ఇది చూడండి!"

ఫోన్‌లో దుకాణం పేజీ ఉంది. బట్టలన్నీ ఉన్నాయి. ధరలు మాత్రం లేవు. ఆర్డర్ బటన్ లేదు. పైన ఉండాల్సిన దుకాణం పేరూ లేదు.

"నిన్నటిసంది ఒకటే ఫోన్లు. 'వాహెద్ భాయ్, అన్నీ ఫ్రీనా?' అని. ఒకామె అయితే ముగ్గురు బిడ్డలకు బట్టలు పక్కకు పెట్టమన్నదట! మా వాలిద్, మా నాయన పెట్టిన పేరు సుత ఎగిరిపోయింది. ఏంది ఆపా ఈ తమాషా?"

ఫరీహా మొహం ఎర్రబడింది. ఆ గదిలో అప్పుడు కనిపించిన ఎరుపు అదొక్కటే.

"నీహారికా! తేలిక చేయమంటే అసలుకే తీసేసినవేంది? ఈ కొత్త పద్ధతి వద్దని నిఖిల్ మొదట్లనే అన్నడు, నేనే వినలే. పాత ఫైల్ తెచ్చి పెట్టండి. నీ ట్రయల్ సంగతి సాయంత్రం మాట్లాడుత."

నీహారిక "ఐదు నిమిషాలివ్వండి మేడం," అని కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు నిమిషాలు వెతికింది. ఒకచోట ఆగి, తెరవైపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

నిఖిలేష్‌కి అప్పటికి వెలిగింది. కె3 అంటే చీటీ కాదు, ఎరుపు రంగు. స్టాక్ లేని సరుకు పేజీలో మిగతావన్నీ నలుపే, ఎరుపు చీటీకొక్కదానికే ఉంది కాబట్టి చీటీయే పోయింది. మిగతా పేజీల్లో ధరలు, బటన్లు, పేరు, ఎర్రగా ఉన్నదల్లా దానితోపాటే పోయింది. చీటీ ఒక్కటే పోవాలంటే దాని కోడ్‌లో దానికే చెప్పాలి. ఆమె పదిసార్లు చెప్పిన సంగతే. పదిసార్లూ అతను గోరు చూస్తూ కూర్చున్నాడు.

నోరు మూసుకుంటే తన పాత ఫైలు తిరిగి వస్తుంది. వచ్చే నెలనుంచి తనను టీమ్ లీడ్ చేస్తానని ఫరీహా అననే అంది. పోయేది నీహారిక ఒక్కతే. ఆ ఒక్కతీ పోతే ఈ మెట్లెక్కి రావడమే దండగనిపించింది.

"ఆపా, గది ఆమె తప్పు కాదు," అన్నాడు. "నేను చేసిన. శనివారం ఆమె పోయినంక నేనే గెలికిన."

"నువ్వా? ఆమె పద్ధతిల రాసుడు నువ్వెప్పుడు షురూ చేసినవ్?"

"ఇంక షురూ చేయలే ఆపా. అందుకే గిట్లైంది."

వాహెద్ భాయే ముందుగా నవ్వాడు. నీహారిక ఒక లైను తీసేసి, అసలు చీటీని ఎక్కడ తీయాలో అక్కడ తీసింది.

"ఇప్పుడు చూడండి భాయ్."

ఆయన బిస్మిల్లా అనేలోపే పేజీ తెరుచుకుంది. ధరలు, బటన్లు, వాలిద్ పెట్టిన పేరు, అన్నీ వాటివాటి చోట్ల ఉన్నాయి. మూసి మళ్లీ తెరిచాడు. నాలుగోసారి కూడా అంతే చురుగ్గా వచ్చింది. "మాషా అల్లా! ఇప్పుడు చాయ్ కోసం వేరే టైం దొరకబట్టాలె," అన్నాడు.

ఆయన వెళ్లాక ఫరీహా తీర్పు చెప్పింది. "నీహారికా, నిన్ను అపార్థం చేస్కున్న, మాఫ్ చెయ్. నువ్వు పర్మనెంట్. నిఖిల్, నీ లీడ్ ముచ్చట ఆర్నెల్లు బంద్. ఈ ఆర్నెల్లు ఆమె పక్కన కూసొని పని నేర్చుకో."

"ఆర్నెల్లా ఆపా?" అన్నాడు నిఖిలేష్, వీలైనంత దిగులుగా.

సాయంత్రం ఇద్దరూ చాయ్‌కి కిందకి దిగారు. సన్నగా తుంపర పడుతోంది.

"థాంక్సండీ," అంది నీహారిక.

"నేను చేసిన తప్పుకు నాకే థాంక్సా?"

"తప్పుకి కాదు. నాకు ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"ఎవరు ఏ లైను ఎప్పుడు రాశారో కంప్యూటర్ రాసినవాళ్ల పేరుతో సహా దాచిపెడుతుంది కదండీ. శనివారం, ఐదూ నలభై, నిఖిలేష్. తెరమీద ఇంతింత అక్షరాల్లో ఉంది."

మూడేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడికి ఆ సంగతి గుర్తే రాలేదు.

"మరి ఎందుకు చెప్పలే? మీ ఉద్యోగం పోయేది!"

"మీరు చెప్తారో లేదో చూద్దామనుకున్నాను. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుందండీ. మీరు చెప్పకపోయి ఉంటే మాత్రం..." ఆగింది. "రేపట్నించి మీతో చాయ్ తాగేదాన్ని కాదు. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చింది."

నిఖిలేష్ గ్లాసు కింద పెట్టాడు. ఉదయం నుంచి నిజం చెప్పే అలవాటు పడ్డాడు కదా, ఇంకోటి కూడా చెప్పేశాడు.

"మీరంటే నాకు ఇష్టం నీహారికా. మస్తు ఇష్టం. ఆ లైన్ గూడ గందుకే రాసిన. మీరు వానల తడుస్తరని, మీకు పని తగ్గుతదని. నా ఫైల్ పోయినా ఫికర్ లేదు, లీడ్ పోయినా ఫికర్ లేదు. మీరు పోవద్దు, అంతే."

మలక్‌పేట బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు.

"మా నాన్నగారు గోపాలకృష్ణమూర్తి గారని, గవర్నమెంట్ ఆఫీసులో ఎంక్వయిరీలు చేస్తారు," అంది వానకేసి చూస్తూ. "ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో, అడక్కుండా తప్పు ఒప్పుకున్న మనిషిని ఒక్కణ్ణి కూడా చూడలేదని రోజూ భోజనాల దగ్గర అంటారు."

"అయితే?"

"ఆదివారం మిమ్మల్ని చూపిస్తాను."

నిఖిలేష్‌కి కాళ్లు నేలమీద లేవు. అయినా సందేహం వదల్లేదు.

"ఎవరని చెప్తరు?"

"నేనేం చెప్పను," అంది నీహారిక నవ్వుతూ. "అదీ మీరే చెప్పాలి. ఇవాళ చెప్పినట్టే, ఆయన అడక్కముందే."